దర్వాజ చుట్టూ గీసిన చీరంచు

నేను కుదురుగా కూర్చున్న రోజు ఒక్కటి కూడా నాకు జ్ఞాపకం లేదు. చేతికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరకాలి. కాగితమైతే మడవాలి, దారమైతే ముడి వెయ్యాలి, గోడ మీద సున్నం పెచ్చు లేచి ఉంటే దాన్ని గోటితో పూర్తిగా ఊడబెరికితే గానీ ప్రాణం నిమ్మళించేది కాదు. "దీని చేతుల్ల దయ్యం దూరింది" అనేది అమ్మ. ఆమె మాత్రం తక్కువ తిన్నదా? ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నించి పొద్దుగూకేదాకా మగ్గం మీద ఆడిన చేతులు ఆమెవి. అమీర్‌పేటకు వచ్చాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. రెండు గదుల కిరాయి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. కడిగిన చెంబునే మళ్ళీ కడిగేది. దర్వాజ దాకా వెళ్ళి, బయటికి చూసి, ఎందుకు వచ్చిందో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేది.

మేము సాలెవాళ్ళం. జర్మనీ యుద్ధం నడుస్తుండగా నూలు దొరక్క మా ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. బాపు అమ్మనూ నన్నూ తీసుకుని పట్నం వచ్చి, అమీర్‌పేట బజారులో ఒక దర్జీ దుకాణంలో చేరాడు. పనంతా సిపాయిల బట్టలే. ఖాకీ చొక్కాలు, ఖాకీ నిక్కర్లు, ఖాకీ సంచులు. బాపు గోళ్ళ సందుల్లో కూడా ఖాకీ పీచు ఉండేది.

నాకు మాత్రం అమీర్‌పేట భలే నచ్చింది. అప్పటికది ఊరే. ఒక బజారు, నాలుగు వీధులు, ఒక కుంట, ఊరు దాటితే జొన్నచేలు. పంజగుట్ట వైపు నడిస్తే రాళ్ళూ తంగేడు పొదలూ. బేగంపేట నుంచి గాలిమోటరు లేచి నెత్తి మీదుగా పోతే పిల్లలమంతా అన్నం ముందు నుంచి లేచి ఉరికేవాళ్ళం. ఊళ్ళో నా పని కండెలు చుట్టడం. చీకటి గదిలో రాట్నం ముందు కూర్చుని దారం చుట్టి చుట్టి, మెడలు పడిపోయేవి. నాలాంటి దాన్ని కూర్చోబెట్టి కండెలు చుట్టించడమంటే మేకపిల్లను గంపకింద మూయడమే. ఆ రాట్నం మొహం మళ్ళీ చూడకూడదని నేను ఎందరు దేవుళ్ళకు మొక్కానో లెక్కలేదు.

అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం, సద్దుల బతుకమ్మ ఇంకా పదిరోజులుందనగా, బాపు అన్నానికి వచ్చినప్పుడు అమ్మ అన్న మాట నా చెవిన పడింది. నేను వెనక గదిలో ఉన్నాను.

"నూలు మల్ల ఇస్తున్నరంట. దసర ఎల్లినంక తమ్ముడొస్తడు. పిల్లను దీస్కొని నేను పోత. నువ్వు నీ ఖాకీ కుట్టుకో."

"ఒక్క మగ్గం మీద బతకలేమనే గదనే వచ్చినం?" అన్నాడు బాపు.

"బతుకుడు సంగతి గాదు. నాకు గీడ ఊపిరాడ్తలేదు. తమ్ముడు సాయముంటడు. కండెలకు ఇది ఉండనే ఉన్నది."

ఇది అంటే నేను. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్నొక మాట అడగరు, బాపును ఇక్కడ వదిలేస్తారు, నన్ను తీసుకెళ్ళి రాట్నానికి కట్టేస్తారు. బాపు అన్నం సగంలో ఆపి చెయ్యి కడుక్కున్నాడు. ఆ చప్పుడు వింటుంటే ఏడుపు వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే పని చెడుతుందని నాకు అప్పటికే తెలుసు.

మా ఇంటి గోడలు బోడిగా ఉండేవి. పక్కిళ్ళలో దర్వాజలకు పసుపు, గోడలకు రంగులు, గూళ్ళలో బొమ్మలు. అమ్మ మాత్రం వచ్చిన నాటి నుంచి ఒక్క ముగ్గు కూడా మనసు పెట్టి వెయ్యలేదు. "కిరాయి కొంపకు సోకులెందుకు" అనేది. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమంటారు కదా. ఆ సామెతను నేను తిరగేసి నమ్మాను. ఇంటిని బాగుచేస్తే ఇల్లాలు దానంతట అదే కుదురుకుంటుందని. పన్నెండేళ్ళ బుర్రకు అంతకంటే గొప్ప ఉపాయం తట్టలేదు. పండుగలోగా ఈ ఇంటిని ఎలా చెయ్యాలంటే, మామ వచ్చి పిలిచినా అమ్మకు కాలు కదలకూడదు.

చేతిలో చిల్లిగవ్వ లేదు. ఉన్నవల్లా దుకాణంలో మిగిలిన గుడ్డ ముక్కలు. "కత్రన్లన్ని నీయే బిడ్డా, ఏమన్న చేస్కో" అని బాపు గోనెసంచి నిండా తెచ్చిచ్చాడు. అన్నీ ఖాకీ. మామిడాకుల్లా కత్తిరించి తోరణం కుట్టాను. పసుపు నీళ్ళలో ముంచితే రంగు మారుతుందనుకున్నా. ఖాకీ ఇంకాస్త ఖాకీ అయింది. దాన్ని గోడకు కడితే అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇది ఇల్లా, ఠాణానా? నీ బాపుకు తుపాకొకటి ఇచ్చి నిలబెట్టు, సరిపోతది."

నాకు కోపం వచ్చింది గానీ ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆ తోరణం కింద కూర్చుంటే ఎవరో అరెస్టు చెయ్యడానికి వస్తున్నట్టే ఉండేది. విప్పేసి, దాన్నే మడిచి బాపు కూర్చోవడానికి బొంత చేశాను.

మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. పీర్ల పండుగకు కాగితం పూలు, జిగేల్మనే అలంకారాలు చేసేవాడు. మిగతా కాలమంతా పతంగులు. అందరం చాచా అనేవాళ్ళం. యుద్ధం మూలాన కాగితానికి కూడా కరువు. పతంగులు కోయగా మిగిలిన గోరంత ముక్కలను కూడా ఆయన డబ్బాలో దాచుకునేవాడు. ఆ డబ్బా కోసం నేను ఆయన అరుగు మీద నాలుగు రోజులు జిగురు ఉడికించాను. మైదాపిండిలో ఇంత మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదని ఆయనే నేర్పాడు.

"లయి పల్చగ రాయి బేటీ," అనేవాడు. "పూవు పురాగ అంటియ్యకు. రెక్క లేవాలె. గాలికి జర కదిలితెనే పూవు, లేకుంటె ఇస్తిహార్, గోడకంటిచ్చిన కాయిదం."

నాకు ఓపిక ఎక్కడిది? లయి ఆరకముందే రెక్క లాగేదాన్ని, చిరిగేది. ఆయన తిట్టేవాడు కాదు, చిరిగిన ముక్కనే మొగ్గలా చుట్టి నా చేతిలో పెట్టేవాడు. బంజారా గుట్టల వైపు పోయే బాట వెంట మోటార్లలో పోయే దొరలు పారేసిన సిగరెట్ డబ్బాలు ఏరుకొచ్చి, వాటిలో ఉండే వెండికాగితం గోటితో సాపు చేసి చుక్కలూ పువ్వులూ కత్తిరించాను. గాజుల దుకాణం ముందు ఊడ్చి పోసిన పగిలిన గాజులు ఏరాను. మా గోడలోని దీపపు గూడు చుట్టూ తడిమట్టి మెత్తి ఆ ముక్కలు గుచ్చాను. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. పొద్దున్నే ఎండ పడితే ఆ గూడు నిప్పుకణికలా మెరిసేది. నాకు నిద్రపట్టేది కాదు, తిండి దిగేది కాదు. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉరుకులు పరుగులు. బాపు ముఖం చూస్తే ఇంకా తొందర పుట్టేది. ఆయన ఇంటికి వచ్చి గోడలకేసి చూసి, తర్వాత అమ్మకేసి చూసేవాడు. నేను ఎందుకు చేస్తున్నానో ఆయనకు అర్థమైందనే అనుకుంటాను. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఒకరోజు అమ్మ ఆ గూడు ముందు ఆగింది. వెండికాగితం పువ్వొకటి వేలితో మెల్లిగా కదిపింది.

"గిది సుత నువ్వే చేసినవానే?"

లయి గిన్నె పట్టుకునే లేచి నిలబడ్డాను. అవునన్నాను. ఆమె ఇంకాసేపు చూసి, "మంచిగున్నది. మనింట్ల గూడు ఇంతకన్న పెద్దగుంటుండె" అని వెళ్ళిపోయింది. మనిల్లు అంటే ఊళ్ళోది. చేతిలో ఉన్న లయి గిన్నె విసిరికొడదామనిపించింది.

సద్దుల బతుకమ్మ రోజు రానే వచ్చింది. పండుగకు ముందే ఇంట్లో బొంతలన్నీ ఉతకడం మా ఆనవాయితీ. అమ్మ ఆలస్యం చేసి చేసి ఆ పొద్దున మోపు నెత్తిన పెట్టుకుని పంజగుట్ట అవతలి వాగుకు పోయింది. మధ్యాహ్నం దాకా రాదు. ఇల్లంతా నా చేతికి వచ్చింది, కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు. లోపలంతా అయిపోయింది. దర్వాజ ఒక్కటే మిగిలింది. దర్వాజకు కుచ్చులు కట్టాలి. రంగురంగుల దారపు కుచ్చులు, లోపలికి వచ్చేవాళ్ళ నుదుటికి తగిలేట్టు. అంత ముఖ్యమైన చోట కాగితం పెడితే పరువు దక్కదు. ఇంట్లో ఉన్న దారమేమో ఖాకీ.

అప్పుడు అటక మీది మూట గుర్తొచ్చింది. ఊరి నుంచి తెచ్చిన మూట. వచ్చినప్పటి నుంచి అమ్మ విప్పలేదు. విప్పకపోతే అక్కర్లేనిదనే నా లెక్క. దించి విప్పాను. పేక దారం అటూ ఇటూ విసిరే నాడెలు రెండు, గంజి బ్రష్షు ఒకటి, తెల్లగుడ్డలో చుట్టిన పన్నె. పన్నె అంటే మగ్గానికి ఉండే పెద్ద దువ్వెన లాంటిది, సన్నటి పుల్లల మధ్య నుంచి పడుగు పోగులు పోతాయి. ఆ పుల్లల సందుల్లో జానెడు పొడుగున పోగులు మిగిలి ఉన్నాయి. ఎరుపు, నలుపు, తెలుపు, మధ్యలో సన్నగా ఆవపూల పసుపు. కొసలు గుత్తులు గుత్తులుగా ముడేసి ఉన్నాయి. అమ్మ అద్దిన రంగులు. ఎంత చిక్కగా ఉన్నాయో!

నేను అప్పటికి దర్జీ బిడ్డనైపోయాను. బట్ట కోశాక మిగిలింది కత్రన్. కత్రన్లు నావి. ఇంతకంటే ఆలోచించలేదు. బాపు చిన్న కత్తెరతో ముడులు కోసి, పోగులన్నీ పన్నెలోంచి లాగి, రంగుకు రంగు విడదీశాను. ఎరుపు ఒక కుప్ప, నలుపు ఒక కుప్ప. పుల్ల ఒక్కటి కూడా విరగకుండా పన్నెను మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టాను. ఆ జాగ్రత్త తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. తొమ్మిది కుచ్చులు కట్టాను. దర్వాజ పెళ్ళికూతురిలా అయింది. అరుగు మీద కూర్చుని అమ్మ కోసం చూశాను. బహుశా నేను కుదురుగా కూర్చున్నది ఆ కాసేపే.

అమ్మ తడిబొంతల మోపుతో వచ్చింది. వంగి లోపలికి అడుగు పెట్టబోతే కుచ్చు నుదుటికి తగిలింది. ఆగింది. మోపు దించింది, ఉతికిన బొంతలు, దుమ్ములోనే. కుచ్చులోంచి ఒక పోగు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది.

"గీ పోగులు ఏడియే?"

"మూటలయి అమ్మా. మిగిలిన ముక్కలే. పన్నె ఖరాబు చెయ్యలే," అన్నాను గర్వంగా.

ఆమె నన్ను తోసుకుని లోపలికి పోయింది. మూట విప్పి పన్నెను వెలుతురుకు పట్టింది. అన్ని సందుల్లోంచీ ఎండ కనిపించింది. అలా పట్టుకునే నేల మీద కూర్చుండిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నాకు భయం మొదలైంది అప్పుడే.

బాపు అన్నానికి వచ్చేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే లేచింది.

"దీనికి నువ్వే జెప్పినవా?"

బాపు దర్వాజకేసి చూశాడు, పన్నెకేసి చూశాడు. "నా పాణం మీదొట్టు. నేనెందుకు జెప్త?"

"నేను పోకుంట చెయ్యనీకి. గింత పని చేస్తవా? నా నోట్ల మన్ను గొడ్తవా?"

"బాపు చెప్పలే!" అని అరిచాను. "ఎవ్వలు చెప్పలే. నేనే తెంపిన. రంగు కోసమే తెంపిన."

అమ్మ నావైపు చూసిన చూపు ఇంకా ఉంది నా దగ్గర. బాపు నన్ను పక్కకు కూర్చోబెట్టుకుని చెప్పాడు. కోపంగా చెప్పినా బాగుండేది.

"సాలోడు బట్ట కోసినంక కొసపోగులు పన్నెల్నే ఉంచుతడు బిడ్డా. కొత్త పడుగు వచ్చినంక ఒక్కొక్క పోగును గా పాత పోగుకు అతుకుతడు. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. గట్ల వరుస తప్పకుంట వస్తది. గా అంచు మీ తాత కట్టింది. ఆయన పోయినంక మీ అమ్మ అతుక్కుంట వచ్చింది. వరుస ఎవ్వలకు నోటికి రాదు. పోగులకే యాదుంటది."

"పాత చీర జూసి ఎక్కియ్యరాదా?" అన్నాను.

అమ్మ నవ్వింది. "నేసినోళ్ళు కట్టుకుంటరానే? అన్ని అమ్ముకుంటిమి."

మా అమ్మ చీరలకు గిరాకీ అంతా ఆ అంచుతోనే. మామూలు అంచుకు మిల్లు చీర ఉండనే ఉంది. ఆమె పోయి కూర్చోవాలనుకున్న మగ్గానికి ఇక నేసేదేమీ లేదు. ఇదంతా నేను ఆ ఒక్క పూటలోనే అర్థం చేసుకున్నాననను. కొంచెం కొంచెంగా, ఏళ్ళ మీద అర్థమైంది.

పండుగ ఆగదు. ఆ సాయంత్రం అమ్మ బతుకమ్మ పేర్చింది, కుంట దగ్గర అందరితో కలిసి తిరిగింది, చప్పట్లు కొట్టింది. పక్కింటామె మా దర్వాజ కుచ్చులను మెచ్చుకుంటే తలూపింది. దసరా వెళ్ళిన మర్నాడు మామ వచ్చాడు. అమ్మ అన్నం పెట్టి, గుడ్డలో చుట్టిన పన్నె అతని చేతికిచ్చింది.

"ఎవ్వలకన్న పనికొస్తది, తీస్కపో తమ్మీ."

"నువ్వు రావా అక్కా?"

"ఏం పట్టుకొని రావాలె?"

తలుపు చాటున నిలబడి విన్నాను. నాకు సంతోషం వేసింది. దాచడం ఎందుకు, ముందు వచ్చింది సంతోషమే. రాట్నం లేదు, బాపు ఒంటరిగా ఉండడు, అమ్మ పోదు. ఆ వెనకే సిగ్గు వచ్చింది. అది మాత్రం మళ్ళీ పోలేదు.

ఆ తర్వాత అమ్మ కుచ్చులు విప్పింది. మధ్యాహ్నాలు పోగులను నేల మీద పరిచి వరుస పెట్టేది. నాలుగు ఎరుపు, ఒక నలుపు, రెండు తెలుపు. పెదాలు కదిలేవి. తల అడ్డంగా ఊపి చెరిపేసేది. మళ్ళీ పెట్టేది. పోగులు నలిగి నలిగి పీచైపోయాయి. అవీ పోయాక ఒకరోజు ఎర్రమట్టి జాజు, సున్నం, దీపం మసి, పసుపు వేరువేరుగా కలుపుకుని వచ్చి దర్వాజ చుట్టూ గీయడం మొదలుపెట్టింది. ఎర్రగీత, నల్లగీత, తెల్లగీత, నడుమ పసుపు. రెండు పూటలు పట్టింది. వెనక్కి నడిచి చూసింది. ముఖం వాడిపోయింది.

వీధిలో వాళ్ళకు అదంతా ఎలా తెలుస్తుంది? "ఎంత మంచిగేసినవ్ వదినా! మాకు సుత ఏస్తవా?" అన్నారు. వేసింది. ఖాకీ చొక్కాలకు కాజాలు కుడుతూనే, పండుగలొస్తే ఇల్లిల్లూ తిరిగి దర్వాజల చుట్టూ చీరంచులు గీసింది. అమీర్‌పేటలో మొదలై పంజగుట్ట దాకా పోయింది ఆమె పేరు. ఒక ఇంటికి వేసినట్టు ఇంకో ఇంటికి వేసేది కాదు. ఆమె తెలివికి అంతు లేదనుకునేవాళ్ళు. ఆమె ఆ పోయిన వరుసను వెతుకుతోందని బాపుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్రతి గోడ ముందూ వెనక్కి నడిచి, పెదాలతో లెక్కపెట్టి, తల అడ్డంగా ఊపేది. గిన్నె పట్టుకుని పక్కన నిలబడే నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించేది. పారిపోలేదు. యుద్ధం అయిపోయింది. నూలు వచ్చింది. మా ఊళ్ళో మగ్గాలు కొన్ని మళ్ళీ ఆడాయి. ఆమె ఆ మాటే ఎత్తలేదు.

నా పెళ్ళి కుదిరిన ఏడు, మా దర్వాజకే కొత్తగా గీస్తున్నాం. ఆ గీతలు ఎప్పటికంటే అందంగా వచ్చాయి. నా మనసు ఆగలేదు. అన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగేశాను.

"ఇది అదేనా అమ్మా?"

అమ్మ వెనక్కి నడిచి చూసింది. ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

"ఏమోనే. ఎన్నడో ఎవలింటి గోడ మీదనో అదే పడ్డదేమో. నేనే గుర్తువట్టలేదేమో."

ఆ మాట అని, గిన్నెలో ఇంకొంచెం సున్నం పొయ్యమంది. పక్కింటివాళ్ళు ఎదురుచూస్తున్నారట.